కరెంటు పోయిన పాట

మార్చి 9, సోమవారం

ఒసేయ్ టేపూ,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలని మా బడిలో నేర్పారు. ఇక్కడ ‘అందరం’ అంటే నేనూ, ఒక పలకా, ఒక సుద్దముక్కా. ముగ్గురం క్షేమమే.

ఆపరేషన్ అయిపోయింది. గొంతులోంచి తీసిన బుడిపెని సీసాలో వేసి చూపించాడు డాక్టరు. "దీన్ని పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎలా పాడారండీ?" అన్నాడు. జవాబు చెప్పబోతే తన చేత్తోనే నా నోరు మూశాడు. మామూలు వాళ్ళకి వారం మౌనం చాలట. నాలాంటి వాగుడుకాయకి నలభై రోజులట. గుసగుసలు అసలే వద్దట. నవ్వకూడదు, దగ్గకూడదు, గొంతు సవరించుకోకూడదు. "మరి బతకొచ్చా?" అని పలక మీద రాస్తే ఆయన పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వొచ్చు.

ఫోన్లో అక్షరాలు నొక్కొచ్చుగా అంటావు. ఒక్కో తప్పుకీ ఒక్కో తిట్టు నోటిదాకా వస్తోందే. అందుకే కాగితం, కలం. నీ ఊరు చేరడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోగా నా కోపాలు చల్లారుతాయి, నువ్వు బతికిపోతావు.

ఇక కచేరీ సంగతి. నువ్వు వేదిక వెనక ఆ పెట్టెల గదిలో చెవులకి డిప్పలు తగిలించుకుని రికార్డు చేస్తూ కూర్చున్నావు కనక ముందు వైపు జరిగిన వైభోగం నీకు తెలీదు. నలభై ఏళ్ళ పాటల ప్రయాణం అంటూ టీవీ వాళ్ళు నన్ను బంగారు రంగు కుర్చీ ఎక్కించారు. ఆ కుర్చీలో కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందవు. అరవై మూడేళ్ళ దాన్ని, దేశమంతా చూస్తుండగా, బడిపిల్లలా కాళ్ళూపుకుంటూ పాడాను. మొహానికి పూసింది మొహం కంటే బరువు. చెవిలో ఏదో బుల్లి యంత్రం కుక్కారు. అందులోంచి డైరెక్టరు "నవ్వండి మేడమ్, నవ్వండి మేడమ్" అంటూనే ఉన్నాడు. విరహం పాటలో కూడా నవ్వాను. మొగుడు వదిలేసి పోతే ఈవిడకి ఇంత సంబరమేమిటా అని జనం అనుకుని ఉంటారు.

ఆ తర్వాత కరెంటు పోయింది. కరెంటన్నాక పోతుంది. దాని గురించి రాయడానికేం లేదు.

ఒక్క మాట. ఆల్బమ్ పని నీ చేతిలోనే ఉంది కదా. ఆ చీకట్లో నా మెడ దగ్గర గుచ్చిన మైకు పని చేస్తూనే ఉందా? ఉంటే, పాట ఎత్తుకోక ముందు నేనేమన్నా గొణిగానేమో, అది చెరిపెయ్. ఏమన్నానో నాకు గుర్తులేదు. గుర్తులేని వాటినే ముందు చెరపాలి.

వేళకి తిను. బిస్కెట్ల మీద బతకకు.

మూగ పిన్ని


మార్చి 14, శనివారం

పిన్నీ,

నీ ఉత్తరం స్టూడియోలో చదువుకుని ఒక్కదాన్నే నవ్వుతుంటే సరేకానీ గారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఈయన మా కంపెనీలో ఆల్బమ్‌లన్నిటికీ పెద్ద. "బాగుంది" అనడానికి కూడా "సరే, కానీ" అనే మొదలుపెడతారు. అసలు పేరు అందరూ మర్చిపోయారు.

మైకు సంగతి అడిగావు. కరెంటు పోగానే టీవీ వాళ్ళ బండి మొత్తం చచ్చిపోయింది. వాళ్ళ ఆఫీసు వాళ్ళకి ఏం చెయ్యాలో తోచక నీళ్ళ పంపుల ప్రకటన వేశారు. అదొక్కటే, తొమ్మిది నిమిషాలు, తిప్పి తిప్పి వేశారు. కానీ నా యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది పిన్నీ. అంతా పట్టింది. స్పీకర్లు లేవు, కీబోర్డు లేదు, నువ్వూ వయొలిన్ మాస్టారూ మాత్రమే. రెండు పాటలు. ఆ గాలిపటం పాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, ఇలా ఎప్పుడూ వినలేదు. పదిహేను వందల మంది ఉన్న హాల్లో ఒక్కరు దగ్గలేదు. ఒకచోట ఎవరిదో చేతిసంచి కింద పడింది, అంతే.

సరేకానీ గారేమో "సరే, కానీ అది టీవీలో రాలేదు కదమ్మా, జనం చూడనిది మనకెందుకు?" అంటున్నారు. పోట్లాడుతున్నాను. ఇంకొకటి, నాలుగో పాటలో పై స్వరం దగ్గర నీ గొంతు చీలింది. సెకనులో పావు వంతు. దాన్ని సరిచేద్దామంటున్నారు. ఏం చెయ్యమంటావు?

ఇక నువ్వు గొణిగిన సంగతి. గుర్తులేదన్నావు కనక రాస్తున్నాను.

నువ్వు: "మాస్టారూ, ఇంక దాచలేను. ఇన్నాళ్ళూ మీకొక్కరికే తెలుసు. ఇవాళ తెగించేశాను, ఏమైతే అయింది. మీ చెయ్యి ఇటివ్వండి."

మాస్టారు: "వణుకుతున్నారేమిటమ్మా? నేనున్నానుగా."

తర్వాత కుర్చీ కిర్రుమంది. నువ్వు ఇంకేదో అన్నావు గానీ ఆ చప్పుడులో కలిసిపోయింది. మర్యాద కొద్దీ నేనూ వినే ప్రయత్నం చెయ్యలేదు.

పిన్నీ, నేను చిన్నపిల్లని కాను. బాబాయి పోయి ఎనిమిదేళ్ళయింది. మాస్టారు కూడా ఒంటరివారే. ఇందులో దాచాల్సిందీ సిగ్గుపడాల్సిందీ ఏమీ లేదు. నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా నీ వెనక నేనుంటాను. అమ్మకి కూడా చెప్పాను. కంగారుపడకు, మెల్లగానే చెప్పాను.

నీ సంతోషమే కోరే
టేపు


మార్చి 18, బుధవారం

గాడిదా,

నవ్వకూడదన్న మనిషికి ఇలాంటి ఉత్తరం రాస్తారుటే? రెండు చేతులతో నోరు నొక్కుకుని, పక్క మీద పడి దొర్లాను. కుట్లు గనక ఊడితే ఆ డాక్టరుకి నీ అడ్రసే ఇస్తాను.

మాస్టారితో ప్రేమా! ఆయన ముప్పై ఏళ్ళుగా నా ఎడమ చెవి పక్కన కూర్చుని నస్యం పీలుస్తున్నారు. తుమ్మడం మాత్రం సరిగ్గా నా ఆలాపనలోనే. ఆయన మీద నాకున్నది ప్రేమ కాదు, సహనం.

పైగా మీ అమ్మకి మెల్లగా చెప్పావా? మా అక్కకి మెల్లగా అనే మాట ఎప్పుడర్థమైంది? నిన్న పొద్దున తొమ్మిదింటికి పెట్టెతో దిగింది. దిగీ దిగగానే మాస్టారికి ఫోను చేసి రమ్మంది. నేను సుద్దముక్క వెతుక్కునేలోగా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టేసింది.

"బీపీ ఎంత?"

"నూట నలభై అండీ."

"షుగరు?"

"ఉంది. మాత్ర వేసుకుంటాను."

"గురక?"

ఆయన ఇదంతా ఏదో బీమా పాలసీ కోసమనుకున్నారుట. అన్నిటికీ నిజాలే చెప్పారు. గురక సంగతి కూడా. "ఎడమ పక్కకి తిరిగితే తక్కువండీ" అన్నారు. మీ అమ్మ ఆ మాట చీటీ మీద రాసుకుంది.

నేను పలక మీద ‘అలాంటిదేం లేదు’ అని రాసి ఎత్తి చూపించాను. మీ అమ్మ చదివి, మాస్టారి వైపు తిరిగి, "సిగ్గుపడుతోంది" అంది. ఆయన వెళ్ళాక మళ్ళీ రాశాను, ఈసారి కింద రెండు గీతలు గీసి. "నాకంతా తెలుసులే" అని పెట్టె పట్టుకుని వంటింటి పక్క గదిలో దిగిపోయింది. ఎప్పుడు వెళ్తుందో తెలీదు.

చూడవే. ఆ మాటలు నువ్వనుకున్నవి కావు. ఏమిటో చెప్పను. చెరిపెయ్. ఆ రెండు పాటలు కూడా పీకి పారెయ్, పీడా పోతుంది. నాలుగో పాటలో చీలికంటావా, మీరేం చేసుకుంటారో చేసుకోండి. నన్ను అడక్కండి.

ఎవరినీ ప్రేమించని పిన్ని


మార్చి 23, సోమవారం

పిన్నీ,

సరే.

ఆ రెండు పాటల కోసం మూడు వారాలుగా సరేకానీ గారితో పోట్లాడుతున్నాను. ఉద్యోగం పోయినా ఫరవాలేదన్నంత దూరం వెళ్ళాను. నువ్వు ‘పీడా పోతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మాస్టారికి చెప్పుకునేదేదో నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. కానీ నీ గొంతుని నాకంటే ఎక్కువ విన్నవాళ్ళు ఎవరున్నారు? ఐదేళ్ళ వయసులో నీ కొంగు పట్టుకుని రికార్డింగులకి తిరిగి, అక్కడ తీగలూ టేపులూ కదుపుతున్నానని తిట్లు తిని, ఈ పేరు తెచ్చుకున్నాను.

ఆదివారం లోపు చెరిపేస్తాను. నాలుగో పాట సరిచెయ్యడానికి పాటల పోటీలో గెలిచిన అమ్మాయిని పిలిపిస్తున్నారు. అచ్చం నీ గొంతుతో పాడుతుందట. ఆ ఒక్క స్వరం తను పాడితే అతికిస్తాం. నువ్వే చేసుకోమన్నావు కదా.

ఆ హాలు మేనేజరు ఫోను చేశారు. కరెంటు ఎన్ని గంటలకి పోయి ఎన్నింటికి వచ్చిందో నా యంత్రంలో టైము చూసి చెప్పమన్నారు. టీవీ వాళ్ళ ఫిర్యాదు మీద అక్కడి ఎలక్ట్రీషియన్‌ని పనిలోంచి ఆపేశారట, విచారణ జరుగుతోందట. నిర్లక్ష్యమని రాశారట. చెప్పాను, తొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు.

ఆరోగ్యం చూసుకో.

టేపు


మార్చి 27, శుక్రవారం

టేపూ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చివరి పేరా చదివేసరికి చేతిలో కాఫీ ఒళ్ళో పడింది. వెంటనే మాస్టారిచేత నీకు ఫోను చేయించాను, చెరపొద్దని చెప్పమని. నువ్వు "చెరిపేశానండీ" అని పెట్టేశావట. తప్పు నాదే. చెరపమని నెత్తిన కూర్చున్నది నేను.

సాక్ష్యం ఎలాగూ లేదు కనక ఇప్పుడు నిజం చెప్పడం తేలిక. విను. కరెంటు పోలేదు. నేనే తీయించాను.

రెండేళ్ళుగా నాకు పై స్వరాలు రావడం లేదు. మాస్టారికొక్కరికే తెలుసు. చిన్న కచేరీల్లో ఇద్దరం గుట్టుగా శ్రుతి దించుకుని నెట్టుకొచ్చేవాళ్ళం. ఈ టీవీ వాళ్ళు వచ్చి, "పాత రికార్డు శ్రుతిలోనే పాడాలి మేడమ్, జనానికి అదే గుర్తు" అన్నారు. కీబోర్డు వాళ్ళనీ మిగతా వాళ్ళనీ ఆ శ్రుతికే సిద్ధం చేసేశారు. ‘నావల్ల కాదు నాయనా’ అంటే అయిపోయేది. మూడే మాటలు. నోట్లోంచి రాలేదే. నలభై ఏళ్ళ పొగరు.

ఆ పొద్దున రిహార్సల్లోనే నాలుగో పాట దగ్గర గొంతు చీలింది. ఆరోది గాలిపటం పాట. అందులో దారం తెగే చోటు నీకు తెలుసు, ఎంత పైకి వెళ్ళాలో. మొహం కడుక్కునే నెపంతో బయటికి వచ్చి నడవలో నిలబడ్డాను. అక్కడ ఒకాయన నిచ్చెన మీద ట్యూబులైటు మారుస్తున్నాడు. యాభై ఏడెనిమిదేళ్ళుంటాయి.

"ఏంటమ్మా, మొహం అలా ఉంది?" అన్నాడు.

అంతేనే. నా సొంత అక్కకి చెప్పనిది, నీకు చెప్పనిది, పేరు కూడా తెలీని మనిషికి చెప్పేశాను. నిచ్చెన కింద నిలబడి, పైకి చూస్తూ. మొత్తం విని ఆయన కిందికి దిగాడు.

"ఎంతసేపు కావాలి?"

"ఒక్క నిమిషం చాలు. మాస్టారు తీగలు దించుకుంటారు. కరెంటు వచ్చేసరికి మేం పాట మధ్యలో ఉంటాం. కీబోర్డు వాళ్ళు చచ్చినట్టు ఊరుకుంటారు."

"ఐదో పాటయ్యాక మీరు కళ్ళజోడు తీయండి. మిగతాది నేను చూసుకుంటా."

తీశాను. పోయింది. మాస్టారికి కూడా ఆ చీకట్లోనే చెప్పాను. చెయ్యి ఇమ్మన్నది ఆ దిక్కుమాలిన కుర్చీ దిగడానికే. కాళ్ళు అందవని చెప్పానుగా! కానీ నిమిషం అయింది, రెండయ్యాయి, కరెంటు రాలేదు. నిజంగానే ఏదో కాలిపోయిందనుకున్నాను. చెవిలో నవ్వమనేవాడు లేడు. ఎదురుగా ఏమీ కనపడదు. ఇంకేం చెయ్యను, పాడాను.

ఇవాళ పొద్దున మీ అమ్మని తోడు తీసుకుని హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. పలక మీద ‘కరెంటు తీయించింది నేను’ అని రాసి ఆయన బల్ల మీద పెట్టాను. చదివాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత పెద్ద మనసండీ మీది! ఒక చిన్న ఉద్యోగి కోసం నింద మీ మీద వేసుకుంటున్నారు" అన్నాడు. తుడిచి ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను. "ఇది నేను దాచుకుంటానండీ" అని కింద సంతకం పెట్టమన్నాడు. పలక లాక్కున్నాడే! కొత్త పలక కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఆ కరెంటాయన విచారణలో నా మాటే ఎత్తలేదట. "ఫ్యూజు పోయింది, నేను చూసుకోలేదు" అని సంతకం పెట్టి వెళ్ళిపోయాడట.

ఇంక పేపరు వాళ్ళని పిలవడమే మిగిలింది. వాళ్ళూ పెద్ద మనసని రాస్తే ఏం చెయ్యాలో తెలీదు.

నిన్ను చీకట్లో ఉంచినందుకు తిట్టు. తిరిగి తిట్టలేను, ఇదే అదను.

దోషి


మార్చి 31, మంగళవారం

పిన్నీ,

చెరపలేదు.

మాస్టారితో అబద్ధం చెప్పాను. నువ్వు బాధపడాలని చెప్పాను. నీ పొగరు ఎక్కడికీ పోలేదు, మన ఇంట్లోనే ఉంది.

ఫోను పెట్టాక ఎందుకో మనసొప్పక ఆ ముక్క మళ్ళీ విన్నాను. కుర్చీ చప్పుడు తగ్గించుకుంటూ పోతే దాని కింద నీ మాట దొరికింది: "కరెంటాయనకి ఒక్క నిమిషమే చెప్పాను, గబగబా శ్రుతి దించెయ్యండి." అదెంత స్పష్టంగా ఉందంటే, నీ మేనేజరు దాని మీద సంతకం అడగలేడు. ఈ ఉత్తరంతో పాటే కాపీ పంపుతున్నాను. మాస్టారింట్లో ప్లేయరు ఉంది.

పోటీలో గెలిచిన ఆ అమ్మాయి వచ్చింది. ఒకే ఒక్కసారి పాడింది, తిరుగులేదు. అతికించి విన్నాను. ఏది నీదో ఏది తనదో సరేకానీ గారు కనిపెట్టలేకపోయారు. అంత బాగుంది కనకే నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి కూడా విని, "తీసెయ్యండక్కా, మేడమ్ కష్టపడిన చోట నేను దొంగలా ఉన్నాను" అంది. తీసేశాను.

పిన్నీ, నాకు రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. నేను చెవులతో బతికేదాన్ని. నీ గొంతు సెకనులో పావు వంతు చీలిందని కొలిచాను. ఎందుకు చీలిందని ఒక్కసారైనా అడగలేదు. రెండేళ్ళుగా శ్రుతి దిగుతూ ఉంటే వయసుతో పాటు హుందాతనం వచ్చిందని అందరికీ గొప్పగా చెప్పాను.

మాస్టారికీ క్షమాపణ చెప్పు. ఆ బీమా సంగతి కూడా.

నీ
టేపు


ఏప్రిల్ 7, మంగళవారం

ఒసేయ్ బంగారం,

నువ్వు అబద్ధాలకోరువైనందుకు ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

శనివారం మేనేజరు గదిలో సభ పెట్టారు. మేనేజరు, టీవీ డైరెక్టరు, మాస్టారు, మీ అమ్మ, నేను, గుమ్మం దగ్గర కరెంటాయన. ప్లేయరు పెట్టారు. నా గొణుగుడు అంతమంది ముందు వినపడుతుంటే ఎక్కడికి చూడాలో తెలీక గోడ మీద కేలండరు చూశాను. మేనేజరు మొహం సగం వాడిపోయింది. పలక బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు, తిరిగి తీసుకోమన్నట్టు. ఒక్క నిమిషం తొమ్మిదెలా అయిందని అడిగితే, కరెంటాయన "తిరిగి వెయ్యబోతే ఫ్యూజు పోయిందండీ" అన్నాడు.

డైరెక్టరు మాత్రం లేచి నిలబడ్డాడు. "లైవ్‌లో తొమ్మిది నిమిషాలు మేడమ్! మా పరువేం కావాలి?" అన్నాడు. నేను పలక అందుకుని, ‘విరహంలో నవ్వించినప్పుడు నా పరువు?’ అని రాశాను. మీ అమ్మ దాన్ని పైకి చదివింది. కావలసినదానికంటే గట్టిగా చదివింది. చివరికి నేను పేపర్లో క్షమాపణ రాసిచ్చేలా, కరెంటాయనని పనిలోకి తీసుకునేలా ఒప్పుకున్నారు. మీ అమ్మ గురక దాకా ఎందుకు అడిగిందో, అది బీమా కోసం కాదని మాస్టారికి అప్పుడే తెలిసింది. ఆయన మీ అమ్మని చూసి ఒక తుమ్ము తుమ్మారు.

కరెంటాయనకి ఎంత సంబరమో అనుకున్నాను. బయటికొచ్చాక నా మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరు చెప్పమన్నారమ్మా మిమ్మల్ని? నేను నోరు మూసుకుని కూర్చుంటే మీరు ఊరంతా చాటారు!"

"నావల్ల మీ ఉద్యోగం పోతుంటే చూస్తూ ఊరుకోనా?" అని రాశాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు.

"మీవల్ల కాదమ్మా. నిమిషం అవగానే నా చెయ్యి స్విచ్చి మీదే ఉంది. మీరు పాట ఎత్తుకున్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ హాల్లో పని చేస్తున్నా. స్పీకర్ల మోత విన్నా గానీ మనిషి గొంతు ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు వేశానంటే ఇది పోతుందనిపించింది. సరే, ఒక పాట అయ్యాక వేద్దామనుకున్నా. మీరు రెండోది ఎత్తుకున్నారు. నేనేం చెయ్యను?"

నేను పలక చంకలో పెట్టుకున్నాను.

"ఒక నిమిషం మీదమ్మా. ఎనిమిది నిమిషాలు నావి. అందుకే విచారణలో నోరు విప్పలేదు. విప్పితే రెండూ బయటపడతాయని."

అక్కడ మెట్ల మీద కూర్చుండిపోయాను టేపూ. నాకు చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు, శాలువాలు కప్పినవాళ్ళున్నారు. నా పాట ఆగిపోకూడదని ఉద్యోగాన్ని పణంగా పెట్టినవాడు లేడు. ఏడవకూడదని డాక్టరు చెప్పలేదు. ఏడ్చాను, చప్పుడు లేకుండా.

ఈ ఎనిమిది నిమిషాల సంగతి నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలియకూడదు. మీ అమ్మకి మెల్లగా కూడా చెప్పకు.

మీ సరేకానీ గారికి నా మాటగా చెప్పు. చీలిక చీలికగానే ఉండాలి. చప్పట్లు అక్కడివే ఉండాలి, వేరే కచేరీలోంచి తెచ్చి కలపకూడదు. చీకట్లో పాడిన రెండూ ఉండాలి. గొణుగుడు కూడా ఉంచు. గురక మాత్రం వద్దు.

నీ పిన్ని


ఏప్రిల్ 19, ఆదివారం

పిన్నీ,

శుక్రవారం ఆల్బమ్ వచ్చింది. పేపర్లో నీ క్షమాపణ చదివినవాళ్ళంతా ఆ తొమ్మిది నిమిషాలే అడుగుతున్నారు. టీవీ వాళ్ళు కూడా అడిగారు! నల్లటి తెర పెట్టి పాట మాత్రం వినిపిస్తారట. సరేకానీ గారు నా గదికి వచ్చి, "సరే," అన్నారు. ‘కానీ’ కోసం ఎదురుచూశాను. రాలేదు. వెళ్ళిపోయారు. ఆఫీసంతా రెండు రోజులుగా అదే చెప్పుకుంటున్నారు.

పాటకి పని చేసినవాళ్ళ పేర్ల జాబితాలో ‘దీపాలు’ అని ఒక వరుస పెట్టి కరెంటాయన పేరు వేయించాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

అమ్మ ఇంకా అక్కడే ఉందా? మాస్టారికి నడక మంచిదని రోజూ పొద్దున్నే తీసుకెళ్తోందని రాసింది. ఆయన కోసమో తన కోసమో రాయలేదు. నేను మర్యాద కొద్దీ అడగలేదు.

నలభై రోజులు అయిపోయాయి కదా. డాక్టరు ఏమన్నాడు? నువ్వు ఫోను చేస్తావేమోనని మంగళవారం నుంచీ చూస్తున్నాను.

టేపు


ఏప్రిల్ 24, శుక్రవారం

టేపూ,

ఫోను చెయ్యలేదని కోప్పడకు. మాట వచ్చింది. కానీ ఈ సంగతి నోటితో చెబితే నీ ఊపిరి వినపడుతుంది, అప్పుడు నేను చెప్పలేను.

డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి చూశాడు. పుండు మానింది. మాట్లాడొచ్చు, నవ్వొచ్చు, తిట్టొచ్చు. "పాట?" అన్నాను. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. పై స్వరాలు రావన్నాడు. ఇప్పుడే కాదు, ఇక రావన్నాడు. కింద ఎంత మిగిలిందో నన్నే వెతుక్కోమన్నాడు.

మీ అమ్మ బయట కూర్చుని ఉంది. నా మొహం చూసి లేచి వెళ్ళి ఆటో పిలిచింది. దారిలో ఆటో ఆపించి, నాకో ఐస్‌క్రీం కొనిపెట్టింది. అరవై మూడేళ్ళదాన్ని, అరవై ఎనిమిదేళ్ళ మా అక్క పక్కన కూర్చుని, ఆటోలో ఐస్‌క్రీం తింటూ ఏడ్చాను. ఆటో అతను మీటరు ఆపేసి, పేపరు చదువుకుంటున్నట్టు నటించాడు. పేపరు తలకిందులుగా ఉంది.

మూడు రోజులు అసలు నోరు విప్పలేదు. డాక్టరు చెప్పకుండానే మౌనం పాటించాను. మీ అమ్మ భయపడి నన్ను తిట్టడం మానేసింది. అది చూసి నాకే భయమేసింది.

ఇవాళ పొద్దున మీ అమ్మ మాస్టారితో నడకకి వెళ్ళింది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. కుళాయి చప్పుడు ఉంది కదా, ఎవరికీ వినపడదులే అని మెల్లగా ఎత్తుకున్నాను. నా గొంతు కాదే అది. బొంగురుగా, బరువుగా, ఎవరో పెద్దాయన పక్కగదిలో మంత్రాలు చదువుకుంటున్నట్టుంది. రెండుసార్లు ఆగిపోయాను. మూడోసారి కుళాయి కట్టేసి పాడాను. ఎక్కడెక్కడ నేల ఉందో కాలితో తడుముకుంటూ వెళ్ళినట్టు, ఒక్కో స్వరం. పాట చివరిదాకా వెళ్ళాను. ఎంతసేపు పట్టిందో తెలీదు.

తలుపు కొట్టారు. పైఅంతస్తులోకి ఈ నెలలోనే దిగిన ఆవిడ. బ్యాంకులో పని చేస్తుందట, చేతిలో లంచ్‌బాక్స్ ఉంది.

"ఇప్పుడు పాడింది ఎవరండీ?" అంది.

నాకు ఎక్కడలేని భయం వేసింది. "నేనేనండీ," అన్నాను. "ఈ మధ్యే మొదలుపెట్టాను."

ఆవిడ నన్ను కిందా మీదా చూసింది. ఈ వయసులో ఇదేం సరదా అనుకుని ఉంటుంది. తర్వాత కాస్త జాలిగా, కాస్త దయగా నవ్వింది.

"ఫరవాలేదండీ, బాగానే వస్తోంది. రోజూ సాధన చెయ్యండి," అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చేస్తానని మాటిచ్చాను.

పిన్ని